జపాను దొర వంటింట్లో మా తాత

మా సంఘంలో నోరు మూసుకుని కూర్చుంటే ఎవరూ ఊరుకోరు. ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక, పాస్టరు గారు వాక్యం మొదలుపెట్టక ముందు సాక్ష్యాలని ఒక తతంగం నడిచేది. ఎవరో ఒకరు లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. జ్వరం తగ్గిందని ఒకరు, కాగితం మిల్లులో కాంట్రాక్టు పని దొరికిందని ఒకరు, తప్పిపోయిన బర్రె ఇంటికొచ్చిందని ఇంకొకరు. చెప్పేవాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన ప్రతిచోటా మిగతా అందరూ ‘స్తోత్రం’ అనాలి. అనకపోతే పక్కన కూర్చున్నామె మోచేత్తో పొడుస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ ఆ తతంగమంటే ఒళ్లు మంట. బర్రె మేత అయిపోయి దానంతటది ఇంటికొస్తే మధ్యలో దేవుడేం చేశాడని ఒకసారి అడిగి అమ్మచేత తిట్లు తిన్నాను.

సంఘం మొత్తంలో సాక్ష్యం చెప్పని మనిషి మా తాత ఒక్కడే. మా అమ్మ తండ్రి. ఎనభై దాటినవాడు, గోడవారన చాప మీద కూర్చుని, ఎవరేం చెప్పినా తల వంచుకుని వినేవాడు. పాస్టరు గారు ‘ఈ వారం పెద్దాయన చెప్తారు’ అని మైకులో ఎన్నిసార్లు ఇరికించబోయినా చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఆయన దగ్గర చెప్పడానికి ఏమీ లేక కాదు. మా సారపాకలో ఆయన దగ్గరున్నంత కథ ఎవరి దగ్గరా లేదని అందరికీ తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఆయన అండమాన్‌లో ఉన్నాడు. యుద్ధంలో ఆ దీవుల్ని జపానువాళ్లు పట్టుకున్నప్పుడు అక్కడి మిలిటరీ గవర్నరుకు వండిపెట్టాడు.

ఇదంతా రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల సంగతి. అప్పటికి నాన్న లేడు. నేను ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. అమ్మ మిల్లు క్వార్టర్లలో బట్టలు కుట్టేది. చుట్టాలొస్తే చాలు, ‘మా నాయిన గవర్నరు కాడ వంట చేసిండు’ అని మొదలుపెట్టేది, అదేదో రాజ్‌భవన్‌లో ఉద్యోగమైనట్టు. తాత మాత్రం ఆ మాట వినబడగానే లేచి బయటికెళ్లి అరుగు మీద కూర్చునేవాడు. సిగ్గేమో అనుకునేదాన్ని. నా బడి పుస్తకంలో ఆ దీవుల మీద జపాను పాలన గురించి ఒకే ఒక్క వాక్యం ఉండేది. నేనూ దాన్ని ఒక్క గుక్కలో చదివేసి తర్వాతి పాఠానికి పోయేదాన్ని.

వానాకాలంలో మా వైపు వెదురు కొమ్ములు వస్తాయి. లేత వెదురు మొలకలన్నమాట. అడవి ఊళ్ల ఆడవాళ్లు గంపల్లో తెచ్చి రోడ్డు పక్కన అమ్ముతారు. సన్నగా తరిగి, నీళ్లలో నానేసి, ఉడికించి వార్చితే గానీ చేదు పోదు. అప్పుడు ఎండుచేపలు వేసి వండితే దాని ముందు ఏ మాంసమూ పనికిరాదు. వీధంతా తినేవాళ్లు, మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ వండలేదు. ‘తాతకు పడదు’ అనేది అమ్మ. పడకపోవడమంటే కడుపుకు పడకపోవడం అనుకున్నాను. ఒక శనివారం బడి నుంచి వస్తూ, తాత తినకపోతే మానె, నేను తింటానని నాలుగు కొమ్ములు కొనుక్కొచ్చి గుమ్మంలో పెట్టాను. తాత వాటిని చూశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వానలోనే బయటికి వెళ్లిపోయాడు.

మిల్లుకు సరుగుడు, జామాయిల్ దుంగలు తెచ్చిన లారీలు వరసగా ఆగే చోట ఒక కల్వర్టు ఉంది. దాని మీద తడుస్తూ కూర్చుని ఉన్నాడు. గొడుగు పట్టి పక్కన కూర్చున్నాను. నాకు కోపం కూడా వచ్చింది. ఒక కూరకి ఇంత రాద్ధాంతమా అని అడిగాను.

“నీది తప్పేం లేదు బిడ్డా,” అన్నాడు. “అది ఉడికే వాసనొస్తే నాకు మా అన్న కండ్ల ముందటికొస్తడు.”

తాతకు ఒక అన్న ఉన్నాడని నాకు ఆ రోజే తెలిసింది. అమ్మకు తెలుసట గానీ, చిన్నప్పుడే ఎక్కడో పోయాడనుకుందట.

అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే తాతను పెంచింది ఆ అన్నే. అన్న నాలుగైదేళ్లు పెద్ద. చండ్రుగొండ వైపు అడవిలో కట్టె కొట్టుకు బతుకుతుంటే, ఒక మేస్త్రీ వచ్చి సముద్రం అవతల ఇంతకంటే పెద్ద చెట్లున్నాయని చెప్పి ఇద్దరినీ ఓడెక్కించాడు. అక్కడా గొడ్డలే, అక్కడా అడవే. కొన్నాళ్లకు ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయి జపానువాళ్లు దిగారు.

“దొరలు మారిండ్రు. మేం కొట్టే చెట్లు మాత్రం గవ్వే,” అన్నాడు తాత.

మొదట్లో బాగానే ఉందట. తర్వాత ఓడలు రావడం ఆగిపోయి బియ్యం కరువైంది. కూలీలు దుంపలు తవ్వుకుని తిన్నారు. అప్పుడు అన్న, ఊళ్లో చేసినట్టే, వెదురు కొమ్ములు విరిచి తెచ్చి చేదు తీసి వండాడు. కాపలా తిరుగుతున్న ఒక జపాను సిపాయి ఆ వాసనకి ఆగి, కుండలోకి చూసి, చెయ్యి పెట్టి తిని, సంబరపడిపోయాడు. వాళ్ల దేశంలో కూడా అది తింటారట. ఎవరు వండారని సైగ చేసి అడిగాడు. వండింది అన్న. అన్న మాత్రం తమ్ముడిని చూపించాడు.

“ఎందుకట్ల?” అన్నాను.

“బంగ్లాల పని అని అన్నకు సమజైంది. ‘పో, నువ్వన్న కడుపునిండ తింటవ్’ అని నన్ను దొబ్బిండు ముందటికి. నాకు గప్పటికి చేదు తీసుడు గూడ సక్కగ రాదు బిడ్డా. పొయ్యి కాడ నిలవడి అన్న చేసింది యాదికి తెచ్చుకుంట వండిన.”

గవర్నరు ఎలా ఉండేవాడని అడిగాను. పళ్లు కొరుకుతూ బూతులు తిట్టే రాక్షసుణ్ణి వర్ణిస్తాడనుకున్నాను.

“మంచిగుండెటోడు,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ తాత అదే మాట మీద ఉన్నాడు. పొట్టి మనిషి, కళ్లద్దాలు, గొంతు ఎప్పుడూ పైకి లేవదు. గిన్నె మూత తీసి ముందు వాసన చూసి, ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. మీ అమ్మ ఉందా అని దుబాసీ చేత ఒకసారి అడిగించాడు. నూనె చింది చెయ్యి కాలితే తనే మందు తెచ్చి రాశాడు. ఆ బంగ్లా పక్క కొట్టంలో గూఢచారులని పట్టుకొచ్చినవాళ్లను కట్టేసి కొట్టేవాళ్లు. ఆ కేకలు భోజనాల గదిలోకి వినిపించేవి.

“అరుపులినుకుంట ఆయన తినుడు ఆపలే,” అన్నాడు తాత. “నేను గూడ వడ్డించుడు ఆపలే.”

చీకటి పడ్డాక సముద్రం ఒడ్డున దీపం కనపడకూడదని అక్కడ ఆర్డరు. ఇంగ్లీషు ఓడలకు సైగలు చేస్తారని వాళ్ల భయం. అన్నకూ ఆ సంగతి తెలుసు. కానీ మన వాగుల్లో పొద్దుగూకాక ఎండ్రకాయలు పట్టడం ఎలా? ఎండు వెదురు బద్దలు కట్టగట్టి ముట్టించుకుని, ఆ వెలుగుకి అవి కదలకుండా నిలబడిపోతే చేత్తో ఏరుకుంటాం. సముద్రమైనా ఎండ్రకాయ ఎండ్రకాయే అనుకున్నాడు అన్న. ఆకలి మీదున్న కూలీలందరికీ తలా ఒకటన్నా దొరుకుతుందని మంట పట్టుకుని రాళ్ల మీదికి దిగాడు. అక్కడే పట్టుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం తాత గవర్నరు ముందు గిన్నె పెట్టి, కాళ్ల మీద పడిపోయాడు. మా అన్న ఏమీ ఎరగడని ఏడ్చాడు. గవర్నరు అన్నం తినే పుల్లలు కింద పెట్టి మొత్తం విన్నాడు. విసుక్కోలేదు, గెంటించలేదు. దుబాసీ చేత ఒకటే మాట అడిగించాడు, మీ అన్న చేతిలో మంట ఉందా లేదా అని.

“‘ఉండె దొరా, ఎండ్రకాయల కోసం’ అని చెప్పిన,” అన్నాడు తాత. “ఎండ్రకాయల ముచ్చట దుబాసీ చెప్పిండో లేదో నాకు తెల్వది. ఉండెనన్న మాటైతే చెప్పిండు.”

“లేదని చెప్పొచ్చు కదా తాతా!”

“నా దిక్కు మంచిగ చూస్తుండె బిడ్డా. గట్ల చూసెటోనికి అబద్ధం ఎట్ల చెప్పాలె? నిజం చెప్తె ఇడుస్తడనుకున్న.”

గవర్నరు తల ఊపాడు. మళ్లీ పుల్లలు తీసుకుని గిన్నెలోది మొత్తం తిన్నాడు. లేస్తూ తాత భుజం తట్టాడు. నీ చెయ్యి మంచిదంటున్నారు, నిన్ను ఇక్కడే ఉండమంటున్నారు అని దుబాసీ చెప్పాడు. తాత దాన్ని అన్నను వదిలేస్తారని అర్థం చేసుకుని, దణ్ణం పెట్టి, గిన్నెలు తోముకున్నాడు. మర్నాడు పొద్దున ఇంకొందరితో కలిపి అన్నను చంపేశారు. ఎక్కడ పూడ్చారో, అసలు పూడ్చారో లేదో తెలియదు. ఆ మధ్యాహ్నం కూడా తాత వంట చేశాడు. జపానువాళ్లు దీవి వదిలేదాకా చేస్తూనే ఉన్నాడు.

తిరిగొచ్చాక చలిజ్వరంతో చావబోతే ఒక మిషన్ దవాఖానాలో బతికించారు. బాప్తిస్మం తీసుకున్నది అక్కడే. ఇన్నేళ్లూ సాక్ష్యం ఎందుకు చెప్పలేదో నేను అడగకుండానే చెప్పాడు.

“ఒక్కసారి నిజం చెప్పిన. సాలు,” అన్నాడు.

ఆ తర్వాత ఆయన మనసులో ఏం తిరిగిందో గానీ, నెల రోజులు పోయాక నన్ను వెంటబెట్టుకుని పాస్టరు గారి ఇంటికి వెళ్లాడు. మాకు సమాధుల పండుగ ఉంటుంది. ఆ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. పాస్టరు గారు పోయినవాళ్ల పేర్లు చదివి ప్రార్థన చేస్తారు. తాత ఏటా అమ్మమ్మ సమాధికి సున్నం వేసేవాడు. అన్నకు సమాధి ఎలాగూ లేదు. తను బతికుండగా ఒక్కసారి ఆయన పేరు ప్రార్థనలో చదివిస్తే చాలని అడిగాడు. జీవితంలో ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను చూసింది అదొక్కసారే.

పాస్టరు గారిది రాజమండ్రి వైపు. చెడ్డవాడేం కాదు, కాఫీ ఇప్పించాడు.

“మీ అన్నగారు బాప్తిస్మం తీసుకున్నారాండీ?”

“లేదయ్యా. గప్పటికి నేను గూడ తీస్కోలే.”

“మరి ఎలాగండీ తాతగారూ? నమ్మకుండా పోయినవాళ్ల పేరు అందులో చదవకూడదు. రేపు నలుగురూ నన్ను అడుగుతారు.” తాత ముఖం చూసి మళ్లీ తనే ఒక దారి చెప్పాడు. “అయినా సాక్ష్యంలో మీ ఇష్టమండీ, అక్కడ అడ్డేం లేదు. దేవుడు మిమ్మల్ని ఎలా కాపాడాడో చెప్పండి, అందులోనే మీ అన్నగారి పేరూ చెప్పండి. సంఘమంతా వింటుంది కదా.”

ఇంటికొస్తూ దారి పొడుగునా తాత పెదాలు కదులుతూనే ఉన్నాయి. అన్నను తను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదట, అన్న అనేవాడట. “పేరు నోట్లకు రానిచ్చుడు మర్యాద గాదు. దేవుని ముందట గాబట్టి ఒక్కపాలి చెప్త,” అన్నాడు. ఆ పేరేమిటని నేను అప్పుడు అడగలేదు. ఆదివారం ఎలాగూ వింటానుగా అనుకున్నాను.

ఆ ఆదివారం తాత తెల్ల లుంగీ, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆయన లేచి నిలబడగానే మందిరంలో సందడి మొదలైంది. ఇన్నేళ్లకు నోరు విప్పుతున్నాడని వెనకవాళ్లు ముందుకు జరిగారు. తబలా ఆయన, తంబురీను పట్టుకున్న ఆడపిల్లలు సర్దుకుని కూర్చున్నారు. పాస్టరు గారు స్వయంగా మైకు తెచ్చి ఆయన నోటి దగ్గర పట్టుకున్నాడు. నేను ఆడవాళ్ల వైపు రెండో వరసలో ఉన్నాను.

తాత గొంతు సన్నగా మొదలైంది. “నేను మా అన్న ఓడెక్కి పోయినం.”

“స్తోత్రం!” అంది సంఘం.

తాత కొంచెం తడబడ్డాడు. అన్న వండిన కూర సంగతి, సిపాయి సంగతి చెప్పాడు. “అన్న తను వండి నన్ను చూపెట్టిండు. నన్ను గవర్నరు వంటింట్లకు తీస్కపోయిండ్రు.”

“స్తోత్రం! హల్లెలూయ!” పాస్టరు గారు మైకు తన వైపు తిప్పుకుని, “ఫరో ఇంట్లో యోసేపును నిలబెట్టిన దేవుడండీ!” అన్నాడు. చప్పట్లు మోగాయి. నా పక్కనామె కళ్లు తుడుచుకుంటోంది.

తాత మైకు వచ్చేదాకా ఆగాడు. “మా అన్నను పట్టుకున్నరు. చేతిల మంట ఉండెనా అని దొర అడిగిండు. ఉండె అని నేను చెప్పిన.”

“స్తోత్రం!”

“ప్రాణం మీదికొచ్చినా అబద్ధమాడలేదు, చూడండి!” అన్నాడు పాస్టరు గారు.

వద్దు, ఆపండి అని అరవాలనిపించింది. వాళ్లలో ఎవరికీ దుర్మార్గం లేదు. ఆ మాటలు ఎక్కడ ఆగితే అక్కడ స్తోత్రం అనడం తప్ప వినడం వాళ్లకు అలవాటు లేదు. తాత సంఘం వైపు చూశాడు. ఆ చూపు ఎలా ఉందో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఒక్కొక్క ముఖాన్నీ చూసి, ఎవరన్నా ఒక్కరు మౌనంగా ఉన్నారేమోనని వెతుకుతున్నట్టుంది.

“తెల్లారి మా అన్నను సంపిండ్రు. నన్ను సంపలే,” అన్నాడు.

అప్పుడు సగం మంది ఆగారు. కానీ రెండో ముక్కకు అలవాటుపడ్డ నోళ్లు ఊరుకోలేదు. “నన్ను సంపలే” అన్నదే అసలు మేలు కదా. అందరికంటే పెద్ద స్తోత్రం అప్పుడే లేచింది. సాక్ష్యం అక్కడితో ముగిసిందనుకుని పాస్టరు గారు మైకు తీసేసుకుని పాట ఎత్తుకున్నాడు. తబలా, తంబురీన్లు ఒక్కసారిగా మోగాయి. తాత ఇంకా నిలబడే ఉన్నాడు. ఆ మోతలో ఆయన పెదాలు కదలడం నేను చూశాను. చిన్న మాట. ఒకసారి అన్నాడు. చేతులు జోడించి, కూర్చున్నాడు.

ఇంటికి వెళ్లే దారిలో నలుగురైదుగురు ఆపి ఆయన చేతులు పట్టుకున్నారు. ఎంత బలమైన సాక్ష్యమని మెచ్చుకున్నారు. ఆయన ప్రతి ఒక్కరికీ తల ఊపాడు. వీధి మలుపు తిరిగాక అడిగాను.

“తాతా, ఆఖర్ల పేరు చెప్పినవ్ గద. నాకు వినపడలే. ఏం పేరు?”

“చెప్పిన గద బిడ్డా.”

“పాటల వినపడలేదు తాతా. నాకొక్కదానికి చెప్పు.”

“ఒక్కపాలే చెప్తనన్న. చెప్పిన,” అన్నాడు. కోపంగా కాదు. అలిసిపోయి అన్నాడు. “నేను నోరు తెరిస్తె గట్లనే అయితది. అన్నకు అచ్చిరాదు.”

ఆ తర్వాత ఆయన మందిరానికి రాలేదు. అమ్మ ఎంత పోరినా, పాస్టరు గారు రెండుసార్లు ఇంటికొచ్చినా రాలేదు. నేను మళ్లీ మళ్లీ అడిగాను. బతిమాలాను, అలిగాను. ఒకసారి విసుగెత్తి గట్టిగా అరిచాను కూడా. అడిగినప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ చలికాలం చివర్లో తాత పోయాడు. సమాధి దగ్గర పాస్టరు గారు చేసిన ప్రసంగంలో జపాను గవర్నరు కూడా ఉన్నాడు. శత్రువు భోజనపు బల్ల దగ్గర దేవుడు కాపాడిన భక్తుడని చెప్పాడు. నాకు అక్కడే మట్టి తీసి పాస్టరు గారి మీద కొట్టాలనిపించింది. అమ్మ చెయ్యి పట్టుకుంది కాబట్టి ఊరుకున్నాను.

మరుసటేడు సంఘానికి కొత్త పాస్టరు వచ్చాడు. నా వయసువాడే, మా ఖమ్మం జిల్లావాడే. సమాధుల పండుగకు ముందు అతనికి సంగతంతా చెప్పాను. మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా విన్నాడు. “బాప్తిస్మం ముచ్చట నేను చూసుకుంట అక్కా. పేరు చెప్పు, తాత పక్కనే చదువుత,” అన్నాడు.

అప్పుడు ఇల్లిల్లూ తిరిగాను. తాత సాక్ష్యం చెప్పిన రోజు ముందు వరసలో కూర్చున్నవాళ్లందరినీ అడిగాను. ఒక పెద్దాయన ఒక పేరు చెప్పాడు, ఒకామె ఇంకో పేరు చెప్పింది. రెండూ బైబిలు పేర్లే. బాప్తిస్మం లేని మనిషికి ఆ పేర్లు ఎక్కడివి? తబలా వాయించినాయన మాత్రం నిజం చెప్పాడు, “నేను పాట మీద ఉన్ననమ్మా” అని. చండ్రుగొండ వైపు తాతవాళ్ల పల్లెకు కూడా వెళ్లాను. ఆ అన్నదమ్ములను ఎరిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

పండుగ రోజు సాయంత్రం తాత సమాధికి అమ్మ, నేను సున్నం వేశాం. కొవ్వొత్తులు పెట్టాం. కొత్త పాస్టరు అందరినీ దగ్గరికి పిలిచి, ఇక్కడ సమాధి లేని ఒక మనిషి కోసం కూడా ప్రార్థన చేస్తున్నామని, ఎవరూ మధ్యలో మాట్లాడొద్దని ముందే చెప్పాడు. తాత పేరు చదివాడు. ఆగి, నా వైపు చూశాడు. పేరు దొరకలేదని చెప్పడానికి నాకు ధైర్యం చాలక, ఆ నిమిషం దాకా అతనికి చెప్పనే లేదు. సంఘమంతా నిలబడి ఉంది. ఎవరూ స్తోత్రం అనలేదు, ఎవరూ దగ్గలేదు. అందరూ వింటున్నారు.